పత్తి అమ్మాం, తక్‌పట్టీ (తూకం, ధర రాసిన రసీదు) చేతిలో ఉంది, పైసలు ఏ ఖాతాకు పోయాయో ఎవరూ చెప్పట్లేదు

చెల్క రైతు కొడుకు, దేవరకొండ వైపు

అన్నలకూ అక్కలకూ నమస్తే. మాది కొండమల్లేపల్లి దగ్గర ఊరు. మా నాయన పేరు మీద 4 ఎకరాల 20 గుంటల చెల్క ఉంది, బోరు లేదు, వాన మీదే పత్తి పెడతాం. నేను హైదరాబాద్‌లో పని చేస్తాను. నాయనకు చదువు రాదు కాబట్టి ఆధార్, ఓటీపీ, యాప్ లాంటివన్నీ నేనే చూడాలి. ఈసారి మూడు నాలుగు రకాల పైసల దగ్గర చిక్కొచ్చి పడింది, తెలిసినవాళ్లు దారి చెప్తారని రాస్తున్నా.

ముందు సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) డబ్బు సంగతి. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసి పత్తిని జిన్నింగ్ మిల్లుకు తీసుకుపోయాం. 2025 అక్టోబరు చివర వచ్చిన మొంథా తుపానుకు తడిసిన పత్తి, ఇంటి ముందు ఆరబెట్టి ఆరబెట్టి తీసుకుపోయినా మిషన్‌లో తేమ 11 చూపించింది. 24 క్వింటాళ్లకు క్వింటాకు 7,866 రూపాయల 70 పైసల లెక్కన తక్‌పట్టీ ఇచ్చారు, అంటే లక్షా 88 వేల పైన. ధర గురించి నాకు గొడవ లేదు. మా వెనక కాంటా పెట్టినవాళ్లకు కూడా డబ్బు పడింది, మాకు పడలేదు. బ్యాంకుకు పోతే మా దగ్గరికి ఏమీ రాలేదు, మిల్లులో అడగండి అన్నారు. మిల్లులో అడిగితే ఇక్కడి నుంచి పోయింది, బ్యాంకులో అడగండి అన్నారు. పత్తి ఏరిన కూలీలకు సగం డబ్బులు బాకీ ఉన్నాం, వాళ్లు మా ఊరివాళ్లే, పొద్దున లేస్తే మొహం చూడాలి. ఎరువుల దుకాణంలో బాకీ వేరే.

ఇంకోటి రైతు భరోసా, అంటే రైతుబంధు బదులు ఇప్పుడు రాష్ట్ర సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం. ఎకరానికి 6 వేల చొప్పున మాకు 27 వేలు రావాలి. జూన్‌లో 19,500 పడ్డాయి. పోయినేడు దాకా రైతుబంధు పూర్తిగా వచ్చేది, ఇప్పుడు ఎకరం పది గుంటలు ఎందుకు తగ్గిందో తెలియదు. పీఎం కిసాన్ రెండు వేలు కూడా ఆగిపోయాయి. తుపాను నష్టానికి ఎకరానికి 10 వేలు ఇస్తామన్నారు, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్ వచ్చి రాసుకుని పోయారు, ఆ తర్వాత చప్పుడు లేదు.

బ్యాంకులో పాత పంట రుణం కొంత ఉంది. పత్తి డబ్బు రాగానే దాంట్లో పట్టుకుంటారేమో అని నాయనకు టెన్షన్, రాత్రి నిద్ర కూడా సరిగా పోవట్లేదు. దేనికి ఎవరిని అడగాలో చెప్పండి.

మీసేవ అన్న, నాగర్‌కర్నూల్

తమ్ముడూ, ఈ సీజన్‌లో నా దగ్గరికి వచ్చే పది మందిలో సగం మంది కష్టం ఇదే. అన్నీ ప్రభుత్వ పైసలే కదా, అన్నీ ఒకే ఖాతాలో పడతాయి అనుకుంటారు. పడవు, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది.

సీసీఐ డబ్బు మీ నాయన చూపించిన బ్యాంకు పాస్‌బుక్కుకు రాదు, ఆధార్‌కు ఏ ఖాతా లింక్ అయి ఉందో దానికి పోతుంది. ఖాతాలు ఎన్ని ఉన్నా, వాటన్నిటికీ ఆధార్ ఇచ్చినా సరే, డబ్బు పడే ఖాతాగా ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఒక్కటే ఉంటుంది. చివరిసారి ఏ బ్యాంకులో లింక్ చేయించారో అదే. మన ఊళ్లలో జరిగేది ఏంటంటే ఎవరో ఊరికి వచ్చి వేలిముద్ర వేయించుకుని ఒక పేమెంట్స్ బ్యాంకు (అప్పులివ్వకుండా చిన్న మొత్తాలే ఉంచుకునే బ్యాంకు) ఖాతా తెరిచి పోతారు. సిమ్ కొన్నప్పుడు కావచ్చు, గ్యాస్ సబ్సిడీ అని చెప్పి కావచ్చు. ఆ రోజు నుంచి ఆధార్ పైసలన్నీ ఆ దిక్కు మళ్లుతాయి, రైతుకు ఆ ఖాతా ఉన్నట్టే తెలియదు.

చూసుకోవడం తేలిక. మై ఆధార్ సైట్‌లో నాయన ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి పోతే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఏ బ్యాంకో అక్కడ కనిపిస్తుంది. నువ్వు హైదరాబాద్‌లో కూర్చునే చేయొచ్చు, నాయన దగ్గరున్న ఫోన్‌కి ఓటీపీ వస్తే చాలు.

పేమెంట్స్ బ్యాంకు అయితే ఇంకో తిరకాసు ఉంది. రోజు ముగిసేసరికి అందులో 2 లక్షలకు మించి ఉండకూడదని ఆర్‌బీఐ నిబంధన. మీది లక్షా 88 వేలు కాబట్టి పట్టింది అనుకో, రెండో స్లాట్ డబ్బు కూడా అటే పోతే తిరిగిపోయే ప్రమాదం ఉంది. జీరో బ్యాలెన్స్ ఖాతాల్లో కూడా, పూర్తి కేవైసీ (గుర్తింపు కాగితాల తనిఖీ) లేకుండా తెరిచిన చిన్న ఖాతాలైతే, ఏడాదిలో లక్షకు మించి జమ కాదు. మా దగ్గర ఒకాయనకు పత్తి డబ్బు అలాగే వెనక్కి పోయింది. కేవైసీ పూర్తి చేయించుకుని, ఆధార్ లింకు ఆ ఖాతాకే పెట్టించి, తక్‌పట్టీ జిరాక్స్‌తో సీసీఐ కొనుగోలు కేంద్రంలో దరఖాస్తు పెడితే మళ్లీ వేశారు. టైం పట్టింది కానీ వచ్చింది, పోదు.

రైతు భరోసా దారి వేరు. అది ఏఈవో దగ్గర మీ పట్టాదారు పాస్‌బుక్కుకు ఎక్కించిన ఖాతా నంబరుకు వస్తుంది. అందుకే మీకు అది బ్యాంకులో కనిపించింది, ఇది కనిపించలేదు. పీఎం కిసాన్ మళ్లీ ఆధార్ దారే. మీకు పీఎం కిసాన్ ఆగిపోయింది అంటున్నావు చూడు, నాకైతే ఆగలేదనిపిస్తోంది, అది కూడా ఆ తెలియని ఖాతాలోనే పడుతూ ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ నంబరుతో స్టేటస్ చూడు, ఈకేవైసీ అయిందా లేదా కూడా తెలుస్తుంది. ఫార్మర్ రిజిస్ట్రీ (రైతుల గుర్తింపు జాబితా) 11 అంకెల నంబరు ఇంకా తీసుకోకపోతే అది కూడా తీయించు.

చెల్క రైతు కొడుకు, దేవరకొండ వైపు

అన్నా, చాలా థాంక్స్. ఇప్పుడే చూశాను, నువ్వు చెప్పినట్టే ఒక పేమెంట్స్ బ్యాంకు పేరు కనిపిస్తోంది, మేం తెరవమని ఎవరినీ అడగలేదు. రేషన్ షాపు దగ్గర ఒకతను వచ్చి చాలామందితో వేలు పెట్టించుకున్నాడని అమ్మ అంటోంది. స్టేటస్‌లో పీఎం కిసాన్ కిస్తీలు కూడా పడినట్టే చూపిస్తోంది. పత్తి డబ్బు ఒకేసారి తీసుకోవచ్చా? నాయన అచ్చంపేటలో పెళ్లికి పోయి ఉన్నారు, వచ్చాక పోవాలి.

మీసేవ అన్న, నాగర్‌కర్నూల్

అక్కడి నుంచి నాయన అసలు బ్యాంకు ఖాతాకు మొత్తం ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోండి, వేలిముద్ర పెట్టి కొద్దికొద్దిగా తీస్తూ కూర్చోవద్దు. తీసిచ్చే మనిషి ప్రతిసారీ కమిషన్ అడుగుతాడు. ఇంకో మాట, డబ్బు బయటికి వచ్చేదాకా ఆధార్ లింకు మార్చొద్దు, ముందు అది తీసుకుని తర్వాత మీ బ్యాంకులో ఫారం ఇచ్చి లింకు ఇటు తెచ్చుకోండి. పాత రుణం విషయం: పెట్టుబడి సాయాన్ని బాకీల్లో జమ చేసుకోవద్దని రైతుబంధు రోజుల నుంచీ ప్రభుత్వం బ్యాంకులకు చెప్తూనే ఉంది. అయినా కొన్నిచోట్ల హోల్డ్ పెడతారు. పెడితే మేనేజర్‌ని కాగితం మీద రాసివ్వమనండి, ఆ కాగితం పట్టుకుని మండల వ్యవసాయ అధికారి దగ్గరికి పొండి. నోటిమాటతో తిరిగిరావద్దు. పత్తి అమ్మిన డబ్బు విషయంలో మాత్రం బ్యాంకుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

నల్లమల అంచు రైతు, అచ్చంపేట

ఎకరం పది గుంటల సంగతి నేను చెప్తాను, మాకూ ఇలాగే అయింది.

రైతుబంధులో పాస్‌బుక్కులో ఎంత ఉంటే అంతకు వేసేవారు, గుట్టలకూ రోడ్లకూ వెంచర్లకూ కూడా పోయింది. రైతు భరోసా 2025 జనవరి 26న మొదలుపెట్టేముందు, అదే నెల 16 నుంచి 20 దాకా ఊరూరా తిరిగి సాగుకు పనికిరాని భూములను రాసుకున్నారు. ఉద్దేశం మంచిదే, నేను దానికి మద్దతే ఇస్తాను, ప్లాట్లు కొట్టిన భూమికి సర్కారు సొమ్ము ఎందుకు? కానీ ఆ నాలుగైదు రోజుల్లో ఒక్క ఏఈవో ఎన్ని సర్వే నంబర్లు నడిచి చూడగలడు? రోడ్డు పక్కన ఉన్నవీ, ఆ యాసంగిలో బీడుగా కనిపించినవీ కొన్ని సాగుకు పనికిరాని లిస్టులో పడ్డాయి. వానాధారం చెల్క జనవరిలో బీడుగా కాక ఎలా ఉంటుంది, పత్తి అయిపోయి కట్టె పీకేస్తే మిగిలేది మట్టే కదా!

తమ్ముడూ, మీ భూమి రెండు మూడు సర్వే నంబర్లలో ఉంటే ఏ నంబరు తగ్గిందో ముందు కనుక్కో. రైతు వేదికకు పోయి ఏఈవోను అడిగితే తన ట్యాబ్‌లో చూపిస్తారు. సాగుకు పనికిరానిది అని ఉంటే, అదే సర్వే నంబరులో ఈ వానాకాలం పత్తి నమోదు అయి ఉంటుంది కదా, అదే మీకు సాక్ష్యం. ఒక దిక్కు పత్తి పండినట్టు రాసి ఇంకో దిక్కు పనికిరాదని ఎలా రాస్తారు? దరఖాస్తు ఏఈవోకు ఒకటి, తహసీల్దారుకు ఒకటి ఇవ్వండి, రసీదు అడగండి. మాకు తర్వాత కలిపారు.

పంట నమోదు (ఏ చేన్లో ఏ పంట ఉందో ఏఈవో రాసుకునేది) అన్నాను కాబట్టి ఇంకో విషయం కూడా. ఇప్పుడు అన్నిటికీ అదే ఆధారం అయి కూర్చుంది. సీసీఐ స్లాట్‌కు అదే చూస్తారు, ఎంత పత్తి కొనాలో కూడా దాని మీదే లెక్క. అంతకుముందు ఎకరానికి 12 క్వింటాళ్ల దాకా కొన్నవాళ్లు నవంబరులో 7 క్వింటాళ్లే అన్నారు. మీ చెల్కకు 7 సరిపోవచ్చు. మా దగ్గర కాలువ కింద నల్లరేగడిలో పత్తి వేసినవాళ్లకు మిగిలిన పత్తి ఎక్కడ పెట్టాలి? ప్రైవేటు వాళ్లకే పోవాలి. వాళ్లేమో తేమ ఉంది, రంగు మారింది అని 6 వేల దగ్గర మొదలుపెడతారు. ఈ 2025-26 సీజన్‌కు మద్దతు ధర 8,110 అని పేపర్లో వచ్చింది, అది 8 శాతం తేమ ఉన్న పొడుగు పింజ పత్తికి. ఆ పైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోత, 12 దాటితే అసలే కొనరు. తుపాను వచ్చిన ఏడాది 8 శాతం పత్తి ఎవరి దగ్గర ఉంది? ఆరబెట్టడానికి సిమెంటు కల్లం ఉన్నవాడికే. పైగా 2025 ఆగస్టులో విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు, ముందు సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి బయటికి వచ్చే నెలలే అవి. ఎకరానికి 6 వేలు సాయం ఇచ్చి, అమ్మేచోట క్వింటాకు రెండు వేలు పోగొడితే రైతుకు మిగిలేది ఏంటో లెక్క వేయండి.

కౌలు పత్తి అక్క, మునుగోడు

ఇక్కడ అందరూ ఖాతా ఏది అని అడుగుతున్నారు. మాలాంటివాళ్లకు ఖాతా ఉంది, పట్టా లేదు. మా గురించి కూడా రాయాలనిపించింది.

నేనూ మా ఆయనా ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాం, ఎకరానికి 10 వేలు, ఉగాది లోపల ముందే కట్టాలి. విత్తనం ప్యాకెట్ 2025లో 901 రూపాయలు, ఎకరానికి రెండు. మొలక రాని చోట మళ్లీ గింజ పెట్టాం. గుంటుక, మందులు, కలుపు, చివరికి ఏరుడుకు కిలోకు 15 రూపాయలు, అవన్నీ మావే. రైతు భరోసా మాత్రం పట్టాదారు ఖాతాలో. ఆయన వనస్థలిపురంలో ఉంటారు, మంచి మనిషే, కౌలు కొంచెం తగ్గించమంటే సర్కారు పైసలు వేరు కౌలు వేరు అంటారు.

తుపానుకు మా చేన్లో రెండెకరాలు నీళ్లలో మునిగింది, కాయ నల్లబడి కుళ్లింది. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు పాస్‌బుక్కు ఎవరిది అని అడిగారు. మేం సాగు చేస్తున్నామని ఊరంతా చెప్పింది. 2023 మార్చిలో వడగండ్ల వానకు ఎకరానికి 10 వేలు ప్రకటించినప్పుడు కౌలు రైతులకు కూడా అందాలని అప్పటి ముఖ్యమంత్రే చెప్పారు కదా అని గుర్తు చేశాను. రాసుకున్నారు, కానీ ఎవరి పేరు రాశారో నాకు చూపించలేదు.

పత్తి అమ్మేటప్పుడు కూడా అంతే. యాప్‌లో పట్టాదారు వివరాలు కావాలి, ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది, ఆయన పనిలో ఉండి ఫోన్ ఎత్తలేదు, స్లాట్లు అయిపోయాయి. ఇంట్లో పెట్టుకుందామంటే ఒకే గది, పత్తి పక్కనే పిల్లలు పడుకుంటే దురదలూ దగ్గూ. బయట వ్యాపారికి 6,300కు ఇచ్చేశాం. అతను అదే పత్తిని ఇంకెవరి పాస్‌బుక్కు మీదో సీసీఐకి అమ్ముకున్నా నేను ఆశ్చర్యపోను.

కాంగ్రెస్ ఎన్నికల హామీలైన ఆరు గ్యారంటీల కాగితంలో రైతులకూ కౌలు రైతులకూ అని రాశారు, నేను చదువుకున్నదాన్ని, నాకు గుర్తుంది. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు, దానికి ఉపాధి హామీలో కనీసం 20 రోజుల పని ఉండాలి. మాకు సొంతానికి పది గుంటలు ఉంది కాబట్టి భూమి లేనివాళ్లం కాము. పట్టాదారులమా అంటే ఆ పది గుంటలకే. రైతు బీమా ఐదు లక్షలు కూడా పాస్‌బుక్కు ఉన్నవాళ్లకే. కౌలుకు చేసి అప్పులు కట్టలేక చచ్చిపోయినవాళ్ల ఇళ్లు మా మండలంలో ఉన్నాయి, ఆ ఆడవాళ్ల చేతికి ఏమీ రాలేదు. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం.

నగరంలో పట్టాదారు, చండూరు

అక్కా, మీరు రాసింది చదివి చాలా బాధేసింది. నేను పట్టాదారునే, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాను, మూడెకరాలు కౌలుకు ఇచ్చాను. మా వైపు భయం కూడా చెప్తాను, తప్పుగా తీసుకోవద్దు. మా తాత రోజుల్లో 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు అని పేరెక్కి, తర్వాత 38ఈ సర్టిఫికెట్లతో (కౌలుదారునే యజమానిని చేసే పత్రాలు) భూములు చేతులు మారాయి. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మా ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం కౌలుదారు పేరు సర్కారు కాగితంలో ఎక్కితే భూమి పోతుందన్న భయం పోలేదు. ధరణి (భూముల ఆన్‌లైన్ రికార్డు) వచ్చాక అందులో అనుభవదారు, అంటే సాగు చేస్తున్నవారి పేరు రాసే గడినే తీసేశారు, మాలాంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, మీలాంటివాళ్లు కనిపించకుండా పోయారు. రెండూ నిజమే.

నేనైతే రైతు భరోసా వచ్చినంత కౌలులో తగ్గిస్తున్నాను, అందరూ అలా చేయరని తెలుసు. మనుషుల మంచితనం మీద వదిలేసే విషయం కాదు ఇది.

నల్లమల అంచు రైతు, అచ్చంపేట

పట్టాదారు అన్నా, ఆ భయానికి చట్టంలోనే జవాబు ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలు రైతుకు ఒక ఏడాదికి రుణ అర్హత కార్డు ఇస్తారు. దానితో పంట రుణం, నష్టపరిహారం అడగొచ్చు, భూమి మీద ఏ హక్కూ రాదని అందులోనే రాసి ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు. చేయాలని ఏ ప్రభుత్వానికీ మనసు రాలేదు, ఎందుకంటే పట్టాదారు ఓటు, కౌలు రైతు ఓటు రెండూ కావాలి, ఒకరిని ముట్టుకుంటే ఇంకొకరు అలుగుతారని.

కౌలు పత్తి అక్క, మునుగోడు

పట్టాదారు అన్నా, మీలా తగ్గించేవాళ్లు ఉంటే మాకు అదే పెద్ద సాయం. మీ భూమి మాకు వద్దు. మేం పండించిన పత్తి మా పేరు మీద అమ్ముకోవాలి, మునిగిన చేనుకు నష్టం మాకు రావాలి, అంతే అడుగుతున్నాం. వచ్చే వానాకాలానికి ఏం చేస్తే కనీసం సీసీఐలో అమ్ముకోగలం?

మీసేవ అన్న, నాగర్‌కర్నూల్

అక్కా, పంట నమోదు జరిగేటప్పుడు చేన్లో మీరే ఉండండి. ఏఈవోతో సాగుదారు పేరు, ఫోన్ నంబరు మీవే రాయమని అడగండి. మా క్లస్టర్‌లో అడిగినవాళ్లకు రాశారు, ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. అది రాకపోతే ఎక్కలేదని అర్థం, పంచాయతీలో లిస్టు చూసుకుని అప్పుడే అభ్యంతరం పెట్టండి, అమ్మేరోజు అడిగితే ఎవరూ వినరు. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడే పట్టాదారుతో ఒక కాగితం రాయించుకోండి, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ పంట, సీసీఐ స్లాట్‌కు ఓటీపీ చెప్తాను అన్న మాట కూడా అందులో ఉండాలి. కౌలు డబ్బు చేతికి ఇచ్చే రోజు అయితేనే సంతకం పెడతారు. డబ్బు ఆయన ఖాతాలో పడినా ఎన్ని రోజుల్లో మీకు ఇవ్వాలో అదీ రాయించండి. నమూనా కాగితం నా దగ్గర ఒకటి ఉంది, రేపు షాపు తెరిచాక టైప్ చేసి ఇక్కడే పెడతాను.